గడిచిన ఏడాదికి పంచాంగం

ఉగాది సాయంత్రం గుళ్ళో పంచాంగ శ్రవణానికి ఎప్పుడైనా కూర్చున్నారా? మేషం నుంచి మీనం దాకా పంతులుగారు వరసగా చదువుకుంటూ పోతారు. తమ రాశి వచ్చేదాకా అందరూ ఓపిక పడతారు. ‘ఆదాయం 2, వ్యయం 14’ అని వినపడగానే ముందు వరసలో ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. ‘రాజపూజ్యం 6, అవమానం 1’ అనగానే స్తంభానికి ఆనుకుని కూర్చున్న పెద్దాయన ముఖం విప్పారుతుంది. రాబోయే ఏడాదిలో ఏముందో తెలుసుకోవాలని మనకింత ఆరాటం కదా! మరి నిన్నటితో అయిపోయిన ఏడాదిలో మనకేం వచ్చింది, ఏం పోయింది, ఎక్కడ మన్నన దొరికింది, ఎక్కడ తల వంచుకోవలసి వచ్చింది? ఆ లెక్క ఏ పంతులుగారూ చదవలేరు. చదవగలిగిన మనిషి ఒక్కరే. మీరే.

‘ఈ ఏడాది నీలో ఏం మార్పు వచ్చింది?’ అని ఎవరైనా అడిగితే మీరేమంటారు? చాలామంది రెండు జవాబుల్లో ఒకటి చెబుతారు. ‘ఏముందండీ, ఇట్టే గడిచిపోయింది’ అనేది ఒకటి. రెండోది కాస్త బరువైనది. ‘ఏమీ చెయ్యలేకపోయాను. జిమ్‌కి డబ్బు కట్టి మూడు వారాలు వెళ్ళాను. స్పోకెన్ ఇంగ్లిష్ సగంలో ఆగింది. కొన్న పుస్తకాలు అట్ట కూడా తెరవలేదు.’ ఈ రెండు జవాబులూ సరైన లెక్క చూడకుండా చెప్పినవేనని నా నమ్మకం.

నాకిది మా అమ్మ మంచాన పడిన ఏడాది తెలిసింది. బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను, ఫిజియోథెరపీ, రాత్రుళ్ళు మేలుకోవడం. ఆ ఏడాది రాద్దామనుకున్నవేవీ రాయలేదు, నేర్చుకుందామనుకున్నవేవీ నేర్చుకోలేదు. ఏడాది చివర మా చెల్లెలితో ‘ఈ సంవత్సరం నా జీవితంలోంచి పోయినట్టేనే’ అన్నాను. అది నా వంక చూసి, ‘పోయినేడు నీకు అన్నం వండటం కూడా రాదు కదా అన్నయ్యా’ అంది. అంతే, ఇంకేం అనలేదు. ఆ రాత్రి ఫోనులో ఫొటోలు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. ఫిబ్రవరిలో మాడిన పప్పు గిన్నె ఫొటో ఉంది, ఏం చెయ్యాలో అడగడానికి చెల్లెలికి పంపింది. జూన్‌లో అమ్మ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్న వీడియో ఉంది. వెనక నుంచి నా గొంతు వినపడుతోంది: ‘తొందరేం లేదమ్మా, మెల్లగా వెయ్యి.’ ఆ గొంతు విని నేను చాలాసేపు కదల్లేదు. అంతకుముందు ఏడాది ఇదే అమ్మ కళ్ళజోడు వెతుక్కుంటుంటే విసుక్కున్నవాణ్ణి నేను. ఆ ఓపిక నా లక్ష్యాల జాబితాలో ఎక్కడా లేదు. నేను రాసుకున్న జాబితా ఒకటి, ఆ ఏడాది నాకు నేర్పింది మరొకటి.

అందుకే చెబుతున్నాను. జాబితా ముందు పెట్టుకుని టిక్కులు లెక్కపెడితే ఏడాది తెలియదు. దానికి వేరే పద్ధతి కావాలి.

ఏ రోజున కూర్చోవాలి?

డిసెంబరు 31 రాత్రే అక్కర్లేదు. నిజానికి ఆ రాత్రి ఎవరికీ కుదరదు కూడా. మీ జీవితంలో ఏడాది ఎక్కడ మలుపు తిరుగుతుందో అక్కడ కూర్చోండి. బడిపంతుళ్ళకు వేసవి సెలవులు మొదలైన వారం బాగుంటుంది. సేద్యం చేసేవాళ్ళకు ఏరువాకకు ముందు. ఆడిటింగ్, బ్యాంకు పనుల్లో ఉన్నవాళ్ళు మార్చిని వదిలేసి ఏప్రిల్ రెండో వారం చూసుకోండి. పుట్టినరోజైనా మంచిదే. మొత్తం మీద మూడు గంటలు కావాలి, కానీ ఒక్కరోజే వద్దు. రెండు పూటలుగా చెయ్యండి, మధ్యలో ఒక రాత్రి నిద్ర పడాలి. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, మీ ఫోను. ఇంతే సరంజామా.

1. ముందు చిట్టా, తర్వాతే తీర్పు

పాతకాలపు కొట్లలో రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు జరిగింది ఆ రోజు వరసగా రాసేది చిట్టా. అందులోంచి ఎవరి పద్దు వాళ్ళకు విడదీసి ఎక్కించేది ఆవర్జా. చిట్టా చేతిలో లేకుండా ఆవర్జా రాయడానికి ఏ గుమస్తా కూర్చోడు. మనం మాత్రం చిట్టా రాయకుండానే ‘ఈ ఏడాది వృథా’ అని ఏకంగా దస్కతు పెట్టేస్తాం!

ఒట్టి జ్ఞాపకాన్ని నమ్ముకుంటే ఏం గుర్తొస్తాయి? ఈమధ్య జరిగిన ఒకటి రెండు నెలల సంగతులు, ఆ ఏడాది తగిలిన పెద్ద దెబ్బ. మిగతాదంతా పలచబడిపోతుంది. అందుకని సాక్ష్యాలు పోగెయ్యండి. మీకు తెలియకుండానే మీ ఏడాది నాలుగైదు చోట్ల రాసి ఉంది.

ఫోను గ్యాలరీని నెలల వారీగా చూడండి. ఫోన్‌పే, గూగుల్ పే లావాదేవీలు, బ్యాంకు పాస్‌బుక్కు తిరగెయ్యండి. మీరు దేనికి విలువ ఇచ్చారో మీ మాటలకంటే మీ చెల్లింపులు సూటిగా చెబుతాయి. వాట్సాప్‌లో వెతికే చోట ‘సారీ’ అని కొట్టి చూడండి. ఎవరికి ఎన్నిసార్లు చెప్పారో, ఎవరికి చెప్పాల్సి ఉండీ చెప్పలేదో బయటపడుతుంది. తర్వాత ‘థాంక్స్’ అని కొట్టండి. ఆసుపత్రి ఫైలు, పిల్లల ప్రోగ్రెస్ కార్డు, గోడ క్యాలెండరు మీద రాసిన పాల లెక్కలు కూడా పనికొస్తాయి.

గాంధీ లండన్‌లో చదువుకునే రోజుల్లో బస్సు ఛార్జీ, తపాలా ఖర్చు, పేపరుకు పెట్టిన చిల్లర దాకా రాసుకుని, రాత్రి పడుకోబోయే ముందు నిల్వ సరిచూసుకునేవాడినని ఆత్మకథలో చెప్పారు. తర్వాత రోజుల్లో లక్షల ప్రజాధనం తన చేతుల మీదుగా నడిచినప్పుడు ఆ అలవాటే అక్కరకొచ్చిందన్నారు. అంత కచ్చితంగా రోజూ రాయడం మనందరివల్లా కాకపోవచ్చు. ఏడాదికొకసారి పన్నెండు పేజీలైనా రాయలేమా?

నెలకు ఒక పేజీ. ఒక్కటే నియమం: జరిగింది మాత్రమే రాయాలి, విశేషణాలు వద్దు. ‘మార్చి: దరిద్రపు నెల’ అని రాస్తే అది తీర్పు. ‘మార్చి: తొమ్మిది రోజులు రాత్రి పది దాటాక ఇంటికొచ్చాను. బాబు పరీక్షలు. పెద్దమ్మకి బాగోలేదని తెలిసీ ఫోను చెయ్యలేదు’ అని రాస్తే అది చిట్టా. తేడా కనిపించిందా? రెండోదాంట్లో మీరు చెయ్యగలిగిన పని ఒకటి కనపడుతోంది. పెద్దమ్మకి ఇవాళైనా ఫోను చెయ్యొచ్చు. దరిద్రపు నెలని ఏం చేస్తారు?

ఇక్కడ ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు ఒక మాట. ‘నాదేముంటుందండీ రాయడానికి, వంటిల్లే కదా’ అని పుస్తకం మూసెయ్యకండి. ఇలా అన్న ఒకావిడ చేత పట్టుబట్టి రాయించాను. ఆగస్టులో స్కూటీ మీద మొదటిసారి మెయిన్ రోడ్డెక్కింది. నవంబరులో మామగారి పింఛను కోసం ఆయన్ని తనే ఒక్కతే బ్యాంకుకు తీసుకెళ్ళి జీవన ప్రమాణ పత్రం పని పూర్తి చేయించింది, అంతకుముందు ఏడాది దాకా ఆ బ్యాంకు గుమ్మం భర్త తోడు లేకుండా ఎక్కలేదు. పాప టీచరుతో మీటింగ్‌లో నోరు తెరిచి ‘దీనికి లెక్కలంటే భయం లేదండీ, మీరు అరుస్తారేమోనని భయం’ అని చెప్పింది. ఇవన్నీ రాసి చదువుకున్నాక ఆవిడ కళ్ళు చెమర్చాయి. జీతం స్లిప్పులో రానిదంతా లేనిదే అనుకోవడం మన ఇళ్ళల్లో పెద్ద అన్యాయం.

2. నాలుగు గళ్ళు గియ్యండి

రెండో పూట చిట్టాని ముందు పెట్టుకుని, కొత్త పేజీలో నాలుగు గళ్ళు గియ్యండి. పేర్లు కొత్తగా పెట్టక్కర్లేదు, పంచాంగం ఎప్పుడో పెట్టింది: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. చిట్టాలోని ఒక్కో సంగతినీ ఏదో ఒక గడిలోకి ఎక్కించండి.

ఆదాయం అంటే పోయినేడు మీ దగ్గర లేనిది, ఇప్పుడున్నది. ఒక పని రావడం కావచ్చు, కొత్త స్నేహం కావచ్చు, ‘కుదరదండీ’ అనే మాట నోట్లోంచి రావడం కావచ్చు. పొద్దున్నే నడక అలవాటైతే అదీ ఆదాయమే. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. పూర్తయినవే లెక్కలోకి తీసుకుంటారు. సగంలో ఆగిన స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సును సున్నా కింద జమకడతారు. ఆ సగం కోర్సు పుణ్యమా అని మీరు కస్టమర్ కేర్‌తో మాట్లాడగలిగారా? అయితే అది సున్నా ఎలా అవుతుంది?

వ్యయం అంటే డబ్బొక్కటే కాదు. ఫోనులో స్క్రీన్ టైమ్ తెరిచి చూడండి. రోజుకు మూడు గంటలు అని ఉంటే ఏడాదికి 1,095 గంటలు, అంటే నలభై అయిదు పగళ్ళూ నలభై అయిదు రాత్రులూ. ఈ అంకె చూసి బాధపడమని చెప్పడం లేదు, గడిలో రాయమంటున్నాను. కోపం మీద ఎంత ఖర్చయింది? మాట్లాడటం మానేసిన స్నేహితుడు ఎవరైనా ఉన్నారా? అదీ ఈ గడిలోదే.

రాజపూజ్యం దగ్గర మనవాళ్ళు తడబడతారు. ఎవరైనా మెచ్చుకోగానే ‘అబ్బే, నాదేముంది’ అనడం చిన్నప్పటి నుంచి అలవాటు. నలుగురిలో అలా అనడం మర్యాదే. మీ పుస్తకంలో మీరు రాసుకునేటప్పుడు ఆ మర్యాద అక్కర్లేదు. ఇలా అడగండి: ఈ ఏడాది కష్టం వచ్చినప్పుడు ఎవరెవరు ముందుగా నాకు ఫోను చేశారు? అపార్ట్‌మెంటులో లిఫ్టు గొడవ వస్తే అందరూ మీ తలుపు కొట్టారా? తమ్ముడు ఉద్యోగం మారేముందు మిమ్మల్నే అడిగాడా? సన్మానాలు, శాలువాలు కొందరికే దొరుకుతాయి. నమ్మి అడగడం అంతకంటే పెద్ద మన్నన. ఆ పేర్లన్నీ రాయండి.

నాలుగోది అవమానం. చాలామంది ఈ గడిని ఖాళీగా వదిలేస్తారు, లేదా ఇదొక్కటే నింపుతారు. రెండూ ప్రమాదమే. కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఏడాదిలో మనసుకు గుచ్చుకున్న మాటలు మూడు రాయండి. ఒక్కోదాని పక్కన ఒక ప్రశ్న: ఇందులో నిజమెంత? అందరి ముందూ పై అధికారి ‘మీ మెయిల్ చదివితే ఒక్క ముక్క అర్థం కావడం లేదు’ అన్నాడనుకోండి. అన్న తీరు తప్పు. పదిమందిలో అనకూడదు. కానీ ఆ మెయిల్ ఇప్పుడు మళ్ళీ తెరిచి చదవండి. నిజంగానే అర్థం కావడం లేదా? అయితే తీరుని ఆయనకే వదిలేసి నిజాన్ని మీరు తీసుకోండి. బంధువుల్లో ఒకరు ‘నీకు పిల్లల పెంపకం తెలీదు’ అన్నారు. అందులో నిజం ఎంత వెతికినా దొరకలేదా? అయితే దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టెయ్యండి. ఇంకో ఏడాదికి మోసుకెళ్ళడానికి అదేం ఆస్తి కాదు.

మూడో రకం మాట ఒకటుంది, అది అన్నిటికంటే విలువైనది. తొమ్మిదేళ్ళ కూతురు అన్నం తింటూ ‘నాన్నా, నువ్వు నేను చెప్పేది వినవు, ఊఁ అంటావంతే’ అంటుంది. దాని మాటలో అవమానించాలన్న ఉద్దేశం లేదు. అందుకే అంత లోతుగా దిగింది. ఇలాంటి మాట మీ చిట్టాలో ఉంటే చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి. చివర్లో దీనితో పనుంది.

3. అదే సందర్భం, అదే మీరేనా?

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి. మనిషి మారాడా లేదా అన్నది చదివిన పుస్తకాలు చెప్పవు, విన్న ప్రసంగాలు చెప్పవు. పాత సందర్భం మళ్ళీ ఎదురైనప్పుడు చేసిన పని చెబుతుంది. జీవితంలో ఒక మంచి గుణం ఉంది, అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. అవే పెళ్ళిళ్ళు, అవే బంధువులు, అదే ఆఫీసు, అదే ట్రాఫిక్కు.

ప్రతి ఏడాదీ తిరిగొచ్చే సందర్భాలు మూడు ఎంచుకోండి. ఒక్కోదాని కింద రెండు వాక్యాలు. పోయినేడు ఏం చేశాను? ఈ ఏడు ఏం చేశాను?

బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి సంగతి తీసుకోండి. సాయంత్రం అయిదున్నరకు మేనేజరు పక్క సీటు పని కూడా తెచ్చి ఈమె బల్ల మీద పెడతాడు. పోయినేడు మాట్లాడకుండా చేసి, ఇంటికెళ్ళే బస్సులో కళ్ళు తుడుచుకుంది. ఈ ఏడు ‘రేపు పదిన్నరకల్లా ఇచ్చేస్తాను సార్, ఇవాళ బయల్దేరాలి’ అంది. గొంతు వణికింది, చేతులు చల్లబడ్డాయి. అయినా అంది. ‘గొంతు వణికిందండీ, ఇంకా నాకు ధైర్యం రాలేదు’ అని నాతో బాధపడింది. వణుకుతూ అన్న మాట కూడా అన్న మాటే తల్లీ! ఏడాది మొత్తంలో నీకొచ్చిన ఆదాయం అదే.

అమెరికాలో డాలస్‌లో ఉన్న ఒక కొడుకు. ప్రతి ఆదివారం నాన్నకు ఫోను చేస్తాడు. పోయినేడు ఆయన మోకాళ్ళ నొప్పి గురించి మొదలెట్టగానే ‘డాక్టరుకి చూపించుకో నాన్నా’ అని మాట తుంచేసేవాడు. ఈ ఏడు ‘మెట్లెక్కేటప్పుడా, దిగేటప్పుడా?’ అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి ఆ తండ్రి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మోకాళ్ళ నుంచి మొదలై, వాళ్ళమ్మ పోయాక ఆ మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళబుద్ధి కావడం లేదన్న దాకా వచ్చింది. ఈ మార్పుకి ఏ సర్టిఫికెట్టూ రాదు. కానీ ఆ ఇద్దరికీ తెలుసు.

ఒక జాగ్రత్త. ఒకసారి బాగా ప్రవర్తించినంత మాత్రాన మారిపోయామనుకోవద్దు, ఒకసారి తప్పినంత మాత్రాన ఏమీ మారలేదనీ అనుకోవద్దు. షుగరున్న వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పరగడుపున చేసే పరీక్ష ఆ పూట సంగతి చెబుతుంది. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది. మీరు చూడవలసింది సగటు. ఏడాదిలో ఆ సందర్భం పదిసార్లు వచ్చిందా? పోయినేడు పదిసార్లూ అరిచి, ఈ ఏడు ఆరుసార్లు అరిచారా? నాలుగుసార్లు ఆగారు. అది రాయండి. అలాగే పోయినేటికంటే చెడ్డదైనది ఉంటే అదీ రాయండి. రాత్రి నిద్ర ముందు ఫోను చూడటం పెరిగిందా, అమ్మమ్మ ఊరికి వెళ్ళడం తగ్గిందా? దాచిపెట్టిన బాకీ తీరదు.

4. ఒక్కరిని అడగండి

మన వీపు మనకు కనపడదు. ఇంట్లోనో ఆఫీసులోనో మీతో రోజూ మెలిగే మనిషిని ఒకరిని ఎంచుకోండి. మిమ్మల్ని పొగడాల్సిన అవసరం, భయపడాల్సిన అవసరం లేని మనిషై ఉండాలి. ‘నేను మారానంటావా?’ అని అడగొద్దు. దానికి ఎవరైనా ‘ఆఁ, మారావు’ అనే అంటారు. ఇలా అడగండి: ‘ఈ ఏడాది ఏ విషయంలో నాతో వేగడం తేలికైంది? ఏ విషయంలో కష్టమైంది?’

చెప్పేటప్పుడు మధ్యలో అడ్డు రావద్దు. ‘అది కాదు, ఆ రోజు ఏమైందంటే...’ అని మొదలెట్టారా, ఎదుటి మనిషి అక్కడితో ఆపేస్తారు. మళ్ళీ ఏడాదికి కూడా నోరు విప్పరు. విని, ‘సరే, ఆలోచిస్తాను’ అని లేచి రండి. జవాబు చెప్పాలనిపిస్తే మర్నాడు చెప్పండి. మర్నాటికి చాలావరకు జవాబు అక్కర్లేదనిపిస్తుంది.

5. ప్రతి ఏడూ తప్పుతున్నదాన్ని ఏం చెయ్యాలి?

ఉంటుంది ఒకటి, ప్రతివాళ్ళ జాబితాలోనూ. అయిదేళ్ళుగా రాస్తున్నదే, అయిదేళ్ళుగా జరగనిదే. దాన్ని చూసి ‘నాకు పట్టుదల లేదు’ అనే ముందు ఒకటి తేల్చుకోండి. అది మీ కోరికేనా? వీణ నేర్చుకోవాలని ఉందా, లేక మీ అత్తకూతురికి వస్తుంది కనుక మీకూ రావాలని ఉందా? రెండోదైతే ఇవాళే కొట్టెయ్యండి. కొట్టేసిన రోజు మనసు ఎంత తేలికపడుతుందో చూడండి.

నిజంగా మీ కోరికే అయితే మటుకు వదలొద్దు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 మంచి గుణాల పట్టిక రాసుకుని, వారానికొకటి చొప్పున పట్టించుకుంటూ, తప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్ల చుక్క పెట్టుకునేవాడు. 13 వారాలకు ఒక విడత, ఏడాదికి నాలుగు విడతలు. పాత చుక్కలు గీకేసి కొత్తవాటికి చోటు చేసీ చేసీ ఆ కాగితాలకు చిల్లులు పడ్డాయి. వస్తువులు చోట్లో పెట్టడం, పనులు క్రమంగా చేసుకోవడం అనే ఒక్క గుణం ఆయనకు చివరిదాకా కొరుకుడు పడలేదు. అనుకున్న నిండుదనం రాలేదుగానీ ప్రయత్నించకుండా ఉంటే అయ్యేవాడికంటే మంచివాణ్ణయ్యాను, సుఖంగానూ ఉన్నాను అని ఆయనే రాసుకున్నాడు. మీ కాగితానికి చిల్లులు పడితే పడనివ్వండి.

6. ఒక్కటే ముందుకు తీసుకెళ్ళండి

లెక్కల పుస్తకం కొత్త పేజీ మొదట్లో ‘వెనకటి నిల్వ’ అని రాస్తారు. మీరూ ఒక్క వాక్యం రాయండి. ఇందాక సున్నా చుట్టిన మాట ఉందే, అక్కడి నుంచి తీసుకోండి. ‘పాప మాట్లాడుతున్నప్పుడు ఫోను బోర్లా పెడతాను.’ పది తీర్మానాలొద్దు. ఇది చాలు.

కష్టకాలం గడిచిన ఏడాది మాటేమిటి?

ఈ మాట చెప్పకుండా అధ్యాయం ముగించలేను. మీరిది చదువుతున్నది తండ్రి పోయిన ఏడాదిలో కావచ్చు. ఉద్యోగం పోయిన ఏడాది కావచ్చు, పెళ్ళి విడిపోయిన ఏడాది కావచ్చు. అలాంటప్పుడు ‘ఈ దుఃఖం నాకేం నేర్పింది?’ అని మిమ్మల్ని మీరు నిలదీసుకోకండి. ఎవరైనా నిలదీస్తే వాళ్ళ మాట పట్టించుకోకండి.

మన ఇళ్ళల్లో మనిషి పోతే ఏడాది పాటు పండగలు చేసుకోరు. కొత్త బట్టలుండవు, గుమ్మానికి తోరణం ఉండదు. సంవత్సరీకం అయ్యేదాకా చుట్టుపక్కల వాళ్ళు కూడా ‘ఏం, పండక్కి ఏం చేశారు?’ అని అడగరు. చిన్నప్పుడు ఇదొక కట్టుబాటు అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే పెద్దవాళ్ళు మనిషికిచ్చిన సెలవులా కనపడుతోంది. సంతోషంగా ఉన్నట్టు నటించక్కర్లేదు, ఏడాది దాకా నిన్నెవరూ ఏమీ అడగరు అని ఊరంతా కలిసి ఇచ్చిన సెలవు. ఆ సెలవు మీకు మీరు కూడా ఇచ్చుకోండి. నాలుగు గళ్ళు గియ్యకండి. చిట్టా మాత్రం, రాయగలిగితే, నెలకో రెండు ముక్కలు రాసి పెట్టండి. ‘జులై: మొదటిసారి నాన్న కుర్చీలో కూర్చున్నాను.’ చాలు. దాని అర్థం ఇంకో రెండేళ్ళకు తెలుస్తుంది, తెలియకపోయినా ఫరవాలేదు.

ఇంకో రెండు పొరపాట్లు

ఇతరుల ఏడాది పక్కన మీది పెట్టుకోవద్దు. వాట్సాప్ స్టేటస్‌లో కొత్త కారు, కాశ్మీరు ఫొటోలు కనపడతాయి. వాళ్ళ వ్యయం గడి మీకు కనపడదు.

రెండోది, రాసిన పుస్తకం ఎవరికంటా పడుతుందోనని భయపడి సగం సగం రాయడం. తాళం వేసుకోండి, లేదా రాశాక మూడు వాక్యాలు మాత్రం ఉంచుకుని మిగతావి చించెయ్యండి. కానీ రాసేటప్పుడు మాత్రం మొత్తం రాయండి. మీ దగ్గర మీరు దాచుకుంటే ఇంక ఎవరి దగ్గర చెప్పుకుంటారు?

ఇప్పుడు ఈ పుస్తకం పక్కన పెట్టండి. ఫోను చేతికందేంత దూరంలోనే ఉండి ఉంటుంది. గ్యాలరీ తెరిచి, సరిగ్గా పన్నెండు నెలలు వెనక్కి జరపండి. ఆ నెలలో మొదటి ఫొటో ఏదో చూడండి. అందులో ఎవరున్నారు, ఆ రోజు ఏం జరిగింది, అప్పుడు మీరు దేని గురించి దిగులు పడుతున్నారు? ఒక్క వాక్యం రాయండి. తర్వాతి ఫొటోకి వెళ్ళండి.